నాటక పరిషత్తుకు గ్రాంటు, ఊరి చందా: ఒక కార్యదర్శి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో సుమారు 1,100 గడపలున్న పల్లెటూరు. పద్దెనిమిదేళ్లుగా ఏటా మూడు రాత్రులు, రాత్రికి మూడేసి చొప్పున, ఆహ్వాన నాటికల పోటీలు నడుపుతున్నాం. మొదటినుంచీ మాకు అండగా నిలిచి ఏటా 3 లక్షలు ఇచ్చిన రైసుమిల్లు యజమాని నిరుడు పోటీలు ముగిసిన నెలకే కాలం చేశారు. నిరుటి ఖర్చు 6,40,000 రూపాయలు. ఆయన ఇచ్చినది, ఒక ప్రజాప్రతినిధి ఇచ్చిన లక్ష, ఊళ్లో అరవై మంది దగ్గర వసూలైన 1,60,000 పోను తగ్గిన 80,000 నా పెన్షను డబ్బులోంచి సర్దాను. మూడో రాత్రికి ప్రేక్షకులు నూట యాభైమంది కూడా లేరు. కేంద్ర ప్రభుత్వ గ్రాంటు తెచ్చుకుంటే బెంగ ఉండదని కమిటీలో కొందరు, పూర్తిగా ఆ నాయకుడి చేతిలో పెడదామని కొందరు, ఇక ఆపేద్దామని కొందరు అంటున్నారు. నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి, ఈ పోటీలు నడిపే పరిషత్తుకు కార్యదర్శిని. ఏం చేయమంటారు?

సమాధానం:

మాస్టారు గారికి నమస్కారం.

ఉత్తరంతోపాటు మీరు జతచేసిన జమాఖర్చుల కాగితం చూశాక సమాధానం చెప్పడం నాకు సులువైంది. ముందు ఆ సమాధానం చెప్పి, తర్వాత వివరంలోకి వెళతాను. గ్రాంటుకు తప్పకుండా అర్జీ పెట్టండి. కానీ దాన్ని నమ్ముకొని వచ్చే ఏటి పోటీలు ప్రకటించకండి. ఏటా తప్పని ఖర్చును ఊరు మోయాలి. ఊరు మోయలేనిది, ఒకసారి చేస్తే నాలుగేళ్లపాటు ఫలితం కనిపించేది ఏదైనా ఉంటే దానికి గ్రాంటు అడగాలి. ఈ రెండు పద్దులనూ కలిపేసుకున్న పరిషత్తులు గ్రాంటు రాని ఏడాదే మూతపడటం నేను కళ్లారా చూశాను.

మీ కమిటీ సభ్యులు విన్న గ్రాంటు కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ కళా సంస్కృతి వికాస్ యోజన కింద ఇచ్చేది. అందులో కల్చరల్ ఫంక్షన్ అండ్ ప్రొడక్షన్ గ్రాంట్ అనే విభాగం ఉంది. ఉత్సవాలకు, సదస్సులకు, కార్యశాలలకు, కొత్త నాటకాల నిర్మాణానికి దాని కింద సాయం అందుతుంది. మామూలుగా ఒక ప్రాజెక్టుకు గరిష్ఠంగా 5 లక్షల వరకు ఇస్తారు. ఖర్చులో కనీసం నాలుగో వంతు సంస్థ తన సొంత వనరులనుంచి పెట్టుకోవాలి. ఇదే యోజనలో ఉన్న రిపర్టరీ గ్రాంటు గురుశిష్య పద్ధతిలో ఏడాది పొడుగునా సాధన చేసే బృందాలకు నెలసరి భృతి ఇచ్చే పథకం. అది నాటకాలాడే బృందాలకు, అంటే నాటక సమాజాలకు పనికివస్తుంది గాని పోటీలు నిర్వహించే మీలాంటి పరిషత్తుకు కాదు, కాబట్టి ఆ ఫారం జోలికి వెళ్లి కాలం వృథా చేసుకోకండి.

ఈ గ్రాంటు సొమ్ముకు ఒక స్వభావం ఉంది. అర్జీ పెట్టిన వెంటనే రాదు, అడిగినంతా రాదు, మంజూరైనదంతా ఒక్కసారిగా రాదు. చివరి విడత మీరు లెక్కలు అప్పగించిన తర్వాతే వస్తుంది. అంటే మంజూరు పత్రం చేతికి వచ్చినా, నాటిక ఆడి దిగిన సమాజానికి ఆ రాత్రే ఇవ్వవలసిన డబ్బు మీ దగ్గర ముందే ఉండాలి. ఈ ఒక్క సంగతి తెలియక మేం చేసిన తప్పు చెబుతాను.

మా పట్టణంలోని పరిషత్తుకు నేను పదకొండేళ్లు కోశాధికారిగా ఉన్నాను. ఒక ఏడాది గ్రాంటు వస్తుందన్న ధీమాతో నాలుగు సమాజాలను అదనంగా పిలిచాం, పారితోషికం పెంచామని కరపత్రంలో అచ్చువేశాం. మా బ్యాంకు ఖాతా అప్పటి కార్యదర్శి సొంత పేరు మీద ఉంది, ఆడిట్ అయిన లెక్కలు రెండేళ్లవే ఉన్నాయి. అర్జీ తిరిగి వచ్చింది. ఆ వార్త పోటీలు మొదలయ్యే ముందురోజు తెలిసింది. చివరి రాత్రి శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన ఒక సమాజానికి దారిఖర్చులు మాత్రం ఇచ్చి, మిగతాది పదిహేను రోజుల్లో పంపుతామని చెప్పవలసి వచ్చింది. ఆ దర్శకుడు మొహాన ముసలి వేషం రంగు ఇంకా తుడుచుకోలేదు. కవరులోని నోట్లు లెక్కపెట్టి, సగానికి పైగా తీసి పక్కనే నిలబడ్డ నటీమణి చేతిలో పెట్టి, "ఈ అమ్మాయి రేపు రాత్రి ఇంకో ఊళ్లో ఆడాలండీ, ఈమెది బాకీ ఉంచలేం, మాది తర్వాత చూసుకుందాం" అన్నాడు. ఆ బాకీ తీర్చడానికి మాకు ఏడు నెలలు పట్టింది. ఆ సమాజం తర్వాత మా పిలుపు అందుకోలేదు, అందుకోకపోవడం న్యాయమే.

అందుకని ముందు మీ కాగితం దగ్గరికే వద్దాం. తొమ్మిది సమాజాలకు ఇరవై వేల చొప్పున 1,80,000, వేదిక, మైకులు, లైట్లకు 1,50,000, భోజనాలు, బసకు 90,000, బహుమతులకు 80,000, జ్ఞాపికలు, శాలువలకు 55,000, ఆహ్వానపత్రికలు, ఫ్లెక్సీలకు 45,000, న్యాయనిర్ణేతలకు 30,000, చిల్లర ఖర్చులు 10,000. ఇందులో మొదటి రెండు పద్దులే నాటకానికి నేరుగా పోతున్నవి. వాటిని ఒక్క రూపాయి కూడా తగ్గించకండి. ఇరవై వేలంటే పది పన్నెండు మందితో, సెట్టు సామానుతో, మేకప్ మనిషితో, సంగీతం అందించే మనిషితో వ్యాను మాట్లాడుకొని వచ్చే సమాజానికి ఖర్చులు కూడా సరిగా గిట్టని మొత్తం. శాలువలు, ఫ్లెక్సీల మాట మాత్రం కమిటీలో గట్టిగా తీయండి. ఆ రెండు పద్దులూ కలిపితే లక్ష, అంటే అయిదు సమాజాల పారితోషికం. శాలువ కప్పించుకున్నవారిలో ఎంతమంది తర్వాతి నాటిక చూడటానికి కూర్చున్నారో మీరు మూడు రాత్రులూ చూసే ఉంటారు.

వచ్చే ఏడు మూడు రాత్రుల బదులు రెండు రాత్రులు, ఆరు నాటికలు పెట్టుకోండి. ఇది వెనకడుగు అనుకోకండి. పారితోషికాలు 1,20,000, వేదిక, మైకులు, లైట్లకు లక్ష, న్యాయనిర్ణేతలకు 25,000, ప్రచారానికి 15,000, చిల్లర ఖర్చులు 10,000, బహుమతులు 50,000, మొత్తం 3,20,000 అవుతుంది. ఇది నిరుటి ఖర్చులో సరిగ్గా సగం. భోజనాలను ఇందులో కలపలేదు, ఎందుకో కింద చెబుతాను. నిరుడు ఊళ్లో వచ్చిన 1,60,000 ఈసారీ వస్తుందనుకుందాం. బహుమతుల 50,000 పేరుపేరునా దాతలనుంచి తీసుకోవచ్చు. ఇక వెతకవలసింది 1,10,000. మీ ఊళ్లో చందా ఇచ్చినది అరవై గడపలు, ఇవ్వనివి వెయ్యికి పైన. వాటిలో సగం ఇళ్లు వంద రూపాయల చొప్పున ఇచ్చినా యాభై వేలు దాటుతుంది. మిగిలిన అరవై వేలు నాయకుడు ఇస్తానంటే తీసుకోండి. ఆయన ఇవ్వని ఏడాది ఆ లోటు మీ కమిటీ పదిమందీ కలిసి పూడ్చుకోగలిగినంతే ఉంటుంది, ఒక్కరి పెన్షను మీద పడదు.

ఆ వంద రూపాయల విషయంలో నాకు గట్టి నమ్మకం ఉంది. అయిదు వేలు ఇచ్చిన పెద్దమనిషి ఆహ్వానపత్రికలో తన పేరు ఉందో లేదో చూసుకుంటాడు. వంద ఇచ్చిన ఇల్లాలు, "మేం కూడా ఇచ్చాం, వెళ్లి చూద్దాం" అని పిల్లలను వెంటబెట్టుకొని వస్తుంది. అరవై మంది దగ్గర వసూలు చేసి మిగతా వెయ్యి గడపలను అడగకుండా వదిలేయడంవల్ల ఇది ఆ అరవై మంది ఉత్సవమని ఊరు అనుకొని ఉంటుంది. రసీదు పుస్తకం పట్టుకొని వీధివీధికీ వెళ్లండి, వంద ఇచ్చినవారికీ రసీదు రాయండి, పోటీలు ముగిసిన వారంలోగా జమాఖర్చుల కాగితాన్ని పంచాయతీ కార్యాలయం గోడకు, రామాలయం దగ్గర అంటించండి. మీ 80,000 ఆ కాగితంలో అప్పుగానో విరాళంగానో స్పష్టంగా కనిపించాలి. మొహమాటంతో దాన్ని రాయకుండా వదిలేస్తే లెక్క అబద్ధమవుతుంది. రేపు ఆడిటరు అడిగితే ఆ ఖర్చు ఎక్కడినుంచి వచ్చిందో మీరు చూపించలేరు.

భోజనాలను వీధులకు అప్పగించండి. ఒకప్పుడు మన పల్లెల్లో నాటకాలవాళ్లు వస్తే ఇళ్లలోనే అన్నం పెట్టేవారు. టౌను నుంచి క్యాటరింగు తెప్పించడం మొదలయ్యాక నటులకూ ఊరికీ మధ్య ఆ మాటా మంచీ తెగిపోయింది. ఆరు సమాజాలకు ఆరు వీధులు, ఒక్కో వీధి ఒక్కో సమాజానికి రెండు పూటలు అన్నం పెడుతుందని ముందే ఒప్పించండి. అంత చేయలేని వీధి ఉంటే పొదుపు సంఘం మహిళలకు సరుకులిచ్చి వండించండి, ఆ కూలి డబ్బు మీ ఊళ్లోనే ఉంటుంది. మధ్యాహ్నం తమ అరుగు మీద కూర్చొని గోంగూర పచ్చడి అడిగి వేయించుకున్న మనిషి రాత్రికి వేదిక మీద ఎలా ఉంటాడో చూడాలని ఆ వీధికి వీధంతా వస్తుంది. ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు, మా పరిషత్తు చివరి నాలుగేళ్లలో ఇలాగే నడిచింది.

ఇక తేదీలు. మీ పోటీలు ఫిబ్రవరి చివర జరుగుతున్నాయని రాశారు. పల్నాడులో అది మిరప కోతల కాలం. తెల్లవారుజామున చేనికి పోయి సాయంత్రం దాకా వంగి కాయ కోసిన ఆడవాళ్లను రాత్రి పదింటికి నాటిక చూడమనడం దయలేని పని. పదో తరగతి పరీక్షలు దగ్గరపడిన ఇళ్లలో తల్లిదండ్రులు గడప దాటరు. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి జయంతి, దాన్ని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజుకు దగ్గరలో పెట్టుకుంటే కోతల ఒత్తిడి తగ్గుతుంది, పరీక్షలు అయిపోతాయి, అర్జీలో రాసుకోవడానికి ఒక సందర్భమూ దొరుకుతుంది. ఎండలు ముదురుతాయి గాని నాటకం ఆడేది చీకటి పడ్డాకే కదా. సమాజాలకు మాత్రం మూడు నెలల ముందే తేదీలు తెలపాలి. ఒకే నటీమణి నాలుగైదు సమాజాలకు ఆడుతున్న రోజులివి. ఆమె తేదీలు కుదరక మంచి నాటికలు ఆగిపోతుంటాయి.

సమయం విషయంలో మీరు చట్టాన్ని కూడా చూసుకోవాలి. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు వాడకూడదు. సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకు అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, అదీ ఏడాదికి మొత్తం 15 రోజులకు మించకుండా. కాబట్టి అనుమతి కాగితాలు ముందే తీసుకోండి. అంతకన్నా ముఖ్యంగా, మొదటి నాటిక తెర ఆరున్నరకే లేవాలి. గంట నిడివి నాటికలు మూడు, మధ్యలో సెట్టు మార్చుకోవడానికి ఇరవయ్యేసి నిమిషాలు అనుకున్నా పదిన్నరలోపు ముగుస్తాయి. సభ, సన్మానాలు ఎంతసేపు జరిగాయో మీరు రాయలేదు. కానీ నిరుటి కరపత్రంలో పద్దెనిమిది మంది అతిథుల పేర్లు లెక్కపెట్టాను. ఒక్కొక్కరు అయిదు నిమిషాలు మాట్లాడినా గంటన్నర అవుతుంది. వేషం వేసుకొని, విగ్గు పెట్టుకొని, చెమటకు రంగు కారుతుంటే విసనకర్రతో విసురుకుంటూ వింగ్ (వేదిక పక్క తెర) పక్కన ఎదురుచూసే నటుడికి ఆ గంటన్నర ఎంత భారమో ఆలోచించండి. మొదటి రాత్రి రెండో నాటికకు ముందు పది నిమిషాల్లో సభ ముగించండి, బహుమతి ప్రదానం చివరి రాత్రికి ఉంచండి.

మూడో రాత్రికి నూట యాభైమందే వచ్చారన్న మీ బాధకు నాకు తోచిన ఇంకో కారణం చెబుతాను. మీరు పంపిన ఫొటోలో ముందు వరుసల్లో ఆడవాళ్లు పదిమంది కూడా లేరు. మైదానం దగ్గర మరుగుదొడ్డి ఉందా, ఎస్సీ కాలనీకి, చివరి వీధులకు తిరిగి వెళ్లే దారిలో దీపాలు వెలుగుతున్నాయా, కింద పట్టా వేశారా, ముందు కుర్చీలన్నీ అతిథుల పేరుతో కట్టేసి ఉంచారా? ఇవి చిన్న సంగతులుగా కనిపిస్తాయి గాని సగం ఊరు నాటకానికి వస్తుందా రాదా అన్నది వీటిమీదే ఆధారపడి ఉంటుంది. హైస్కూలు ఆవరణలో వేదిక కట్టుకుంటే మరుగుదొడ్ల చిక్కు తీరుతుంది, ప్రధానోపాధ్యాయులు మీ మాట కాదనరు.

బడి ప్రస్తావన వచ్చింది కాబట్టి గ్రాంటు దేనికి అడగాలో ఇక్కడే చెబుతాను. పోటీలకు ముందు ఇరవై రోజులపాటు మీ ఊరి పిల్లలకు ఒక నాటక కార్యశాల పెట్టండి. బయటినుంచి ఒక దర్శకుణ్ణి, ఒక రంగాలంకరణ నిపుణుణ్ణి పిలిచి, పిల్లలతో ఒక నాటిక తయారుచేయించి, దాన్ని ఉత్సవం మొదటి రాత్రి పోటీకి సంబంధం లేని ప్రారంభ ప్రదర్శనగా ఆడించండి. పాతికమంది పిల్లలు వేదిక ఎక్కితే పాతిక కుటుంబాలు ముందు వరుసల్లో ఉంటాయి. ఆ పిల్లల్లో ఇద్దరు ముగ్గురు నిలబడినా పదేళ్ల తర్వాత మీ ఊరికే ఒక సమాజం ఉంటుంది. పద్దెనిమిదేళ్లుగా పోటీలు నడిపిన ఊళ్లో సొంత సమాజం లేకపోవడం నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా వెలితిగా తోచింది. పథకం ఉత్సవాలకూ కార్యశాలలకూ వర్తిస్తుంది కనుక రెంటినీ కలిపి ఒక ప్రాజెక్టుగా రాయవచ్చు. గ్రాంటు రాకపోతే ఇరవై రోజుల కార్యశాలను మీరే వారానికి కుదించి చేసుకోగలరు, పోటీలకు ఏ దెబ్బా తగలదు.

కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టండి. పరిషత్తు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉందా, ఏటా కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేస్తున్నారా అన్నది మొదట చూసుకోండి. నమోదు చేసి వదిలేసి, పదేళ్ల జాబితాలు ఒక్కసారి దాఖలు చేయడానికి తిరిగే పరిషత్తులు ఎన్నో ఉన్నాయి. గ్రాంటు అడిగే సంస్థ రిజిస్టరై కనీసం మూడేళ్లు నిండి ఉండాలి. సంస్థ పేరు మీద పాన్ కార్డు, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా, చార్టర్డ్ అకౌంటెంటు సంతకం చేసిన మూడేళ్ల ఆడిట్ లెక్కలు, స్వచ్ఛంద సంస్థల కోసం నీతి ఆయోగ్ వారు నడిపే దర్పణ్ పోర్టల్‌లో నమోదు సంఖ్య కావాలి. ఈ అన్నిటిలోనూ సంస్థ పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. బైలాలో కళా పరిషత్తు అని, పాన్ కార్డులో కళాపరిషత్ నాటక సంఘం అని ఉంటే అర్జీ అక్కడే ఆగుతుంది. పద్దెనిమిదేళ్ల కరపత్రాలు, పత్రికల్లో వచ్చిన వార్తలు, ఫొటోలు సంవత్సరాలవారీగా ఒక ఫైలు చేయండి. గ్రాంటు వస్తే ఖర్చయ్యాక కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాల (జి.ఎఫ్.ఆర్.) 12-ఎ నమూనాలో వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి, కాబట్టి ప్రతి చెల్లింపుకూ బిల్లు తీసుకోండి, షామియానావాళ్లకైనా సరే బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఊళ్లో కామర్స్ చదువుకున్న కుర్రాడు ఒకడు తప్పకుండా ఉంటాడు, ఈ పని అతనికి అప్పగించి సహాయ కోశాధికారిని చేయండి.

రాష్ట్రంలో సృజనాత్మకత, సంస్కృతి సమితికి, చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థకు కూడా అర్జీలు పంపండి. వచ్చినది తీసుకోండి, బడ్జెటులో ఆదాయంగా మాత్రం రాయకండి. నంది నాటకోత్సవమే కొన్నేళ్లు ఆగి, 2023 డిసెంబరులో గుంటూరులో మళ్లీ జరిగింది. రాష్ట్రం స్వయంగా జరిపే ఉత్సవానికే అంత విరామం వచ్చినప్పుడు పరిషత్తుల సాయం ఏటా నిలకడగా ఉంటుందని అనుకోలేం.

మీ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా, వాటి సామాజిక బాధ్యత నిధులు అడగవచ్చా అని ఉత్తరం చివర్లో రాశారు. అడగవచ్చు, కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో కళలు, సంస్కృతి ఉన్నాయి. అయితే ఆ నిధులు అందుకునే సంస్థకు ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఎ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జి (దాతలకు పన్ను రాయితీ) అని పిలిచే నమోదులు, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర ఈ నిధుల కోసం చేసుకునే సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. వేదిక మీద తమ బ్యానరు కట్టించుకొని ప్రచారం కోసం ఇచ్చే సొమ్ము ఈ లెక్కలోకి రాదు, ఒక్కసారి జరిగి ముగిసిపోయే కార్యక్రమాలనూ ఒప్పుకోరు. కాబట్టి ఆ కంపెనీలను రెండు రాత్రుల పోటీలకు కాక, నాలుగైదు బళ్లలో ఏడాదిపాటు సాగే నాటక శిక్షణకు అడగండి. 80జి నమోదు మంచిదే, కానీ దానిమీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి విరాళంమీద రాయితీ రాదు, పాత విధానంలోనూ 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే వర్తించదు.

అమెరికాలో ఉన్న మీ ఊరి పిల్లలు పంపే విరాళాల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కాదు, నిశ్చింతగా తీసుకోండి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారి డబ్బు మాత్రం, వారి దగ్గర ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా, విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు లేకుండా మీరు దాన్ని ముట్టుకోకూడదు. ఆ డబ్బును ఇక్కడి తల్లిదండ్రుల ఖాతా గుండా తిప్పి ఇప్పిద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. వేసవికి వచ్చినప్పుడు ఊళ్లో ఉండి వారం రోజులు కార్యశాలలో పనిచేయమని వారిని పిలవండి, దానికి ఏ అనుమతీ అక్కర్లేదు.

నాయకుడి చేతిలో పెట్టే ఆలోచన వద్దు. ఆయన డబ్బు ఇస్తే మిగతా దాతలకు ఇచ్చినట్టే రసీదు ఇచ్చి తీసుకోండి, పిలిచి గౌరవించండి. పరిషత్తు ఆయన పేరు మీద నడవడం మొదలైతే ఊళ్లో అవతలి పార్టీవాళ్లు నాటకానికి రావడం మానేస్తారు, ఎన్నికల నియమావళి అమల్లోకి వచ్చిన ఏడాది మీ వేదికకు అనుమతి దొరకడమూ కష్టమవుతుంది. ఊళ్లో అందరూ ఒకే పట్టా మీద కూర్చునే సందర్భాలు ఎన్ని మిగిలాయో మీకు తెలుసు.

పోయిన పెద్దాయన పిల్లలు హైదరాబాదులో స్థిరపడ్డారని, వారికి ఆసక్తి లేదని రాశారు. మీరు ఏమడిగారో రాయలేదు. ఏటా 3 లక్షలు అడిగి ఉంటే ఎవరైనా వెనకాడతారు. వారి ఇంటికి వెళ్లి, ఉత్తమ ప్రదర్శన బహుమతిని వాళ్ల నాన్నగారి పేరు మీద శాశ్వతంగా నిలపడానికి ఒక్కసారి ఇచ్చే మూలధనం అడగండి. రెండు లక్షలు బ్యాంకులో పరిషత్తు పేరు మీద డిపాజిట్ చేస్తే ఆరున్నర శాతం వడ్డీకి ఏటా 13,000 వస్తుంది, అసలు కదలదు. వెళ్లేటప్పుడు పద్దెనిమిదేళ్ల కరపత్రాల ఫైలు వెంట తీసుకెళ్లండి. తండ్రి తొలి ఏడాది వేదిక దగ్గర నిలబడిన ఫొటో ఉంటే దాని నకలు ఒకటి వారికి ఇచ్చి రండి. వారు ఇవ్వకపోయినా ఆ బహుమతికి ఆయన పేరే ఉంచండి, అది పరిషత్తు ఆయనకు బాకీ.

ఇక ఆపేద్దామన్న సభ్యులతో వాదించకండి. వాళ్లు అలసిపోయి ఉంటారు. రెండు రాత్రుల బడ్జెటు కాగితం వారి ముందు పెట్టి, ఒక్కొక్కరిని ఒక్కో వీధి బాధ్యత తీసుకోమనండి. తీసుకోలేనివారిని గౌరవంగా విశ్రాంతి తీసుకోనిచ్చి ఆ స్థానాల్లో ఇద్దరు మహిళలను, ఇద్దరు యువకులను చేర్చుకోండి. చందాలు డిసెంబరు నెలాఖరుకు లక్షన్నర దాటితేనే ఆరు సమాజాలకూ ఆహ్వానాలు పంపండి, దాటకపోతే ఒక్క రాత్రి మూడు నాటికలే పెట్టుకోండి. ఆహ్వానంలో పారితోషికం అంకె స్పష్టంగా రాయండి. పోటీల మొదటి రోజు మధ్యాహ్నానికే సమాజం పేరు మీద రాసిన చెక్కులు కవర్లలో పెట్టి మీ దగ్గర ఉంచుకోండి, ప్రతి నాటికా ముగిసి తెర పడగానే మీరే వింగ్ పక్కకు వెళ్లి, వాళ్లు రంగు తుడుచుకోకముందే దర్శకుడి చేతికి అందించండి.